నిప్పుల విసనకర్రలు

సిస్టరమ్మ కాలిన గాయాల వార్డులో నర్సుగా చేరి, ఆ వార్డులోనే రిటైరయింది. మధ్యలో వేరే వార్డుకు మారుస్తామని పైవాళ్ళు ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు. "ఇక్కడి పని నా చేతికి అలవాటైంది. కొత్తవాళ్ళొచ్చి నేర్చుకునేదాకా రోగులెందుకు ఏడవాలి?" అనేది. కట్టు విప్పేటప్పుడు నొప్పి తెలియకుండా కబుర్లు చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరు కింద అసలు పేరు మరుగున పడి, పక్కింటివాళ్ళకూ పాలవాడికీ కూడా ఆమె సిస్టరమ్మే అయింది.

అలాంటి మనిషి ఇంటికి ఒక్కగానొక్క కొడుకు, నిప్పుతో నాట్యం చేసే పిల్లను పెళ్ళాడి తీసుకొచ్చాడు.

చెప్పి తీసుకురాలేదు. వాడు నాటకాలకూ కచేరీలకూ మైకులు అమర్చే పనిలో ఉంటాడు. "స్టేజీ మీద చేస్తుందమ్మా" అన్నాడు. పాటా, నాట్యమా అని తల్లి అడిగితే, "నాట్యం లాంటిదే" అని నసిగి ఫోను చూసుకున్నాడు. ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కిన సిస్టరమ్మకు, మండుతున్న రెండు గొలుసులను గిరగిరా తిప్పుతున్న కోడలు కనిపించింది. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కుళాయి కింద నిండుతున్న బకెట్టు ఎత్తి కోడలి నెత్తిన గుమ్మరించింది.

ఆ పిల్ల తల నుంచి నీళ్ళు ధారగా కారుతున్నా తొణకలేదు. గొలుసులను తడి గుడ్డ మీద పెట్టి, పైన ఇంకో తడి గుడ్డ కప్పి, మంట పూర్తిగా ఆరిందని చూసుకున్నాకే ముఖం తుడుచుకుంది.

"అత్తయ్యా, నూనె మంట మీద నీళ్ళు పోయకూడదు. తడిగుడ్డ కప్పాలి."

"ఆ ముక్క నువ్వు నాకు చెప్తున్నావా?" అంది సిస్టరమ్మ ఖాళీ బకెట్టుతో నిలబడి.

మెట్ల మీద నక్కి చూస్తున్న కొడుకు నవ్వాపుకోలేక కిందికి పరుగెత్తాడు. ఆ పూట వాడికి పడిన చీవాట్లు వీధి మొదటిదాకా వినిపించాయి. కోడల్ని మాత్రం ఆమె ఒక్క మాట అనలేదు. అనడానికి నోరు రాలేదు. ఇంట్లో కాలు పెట్టి పట్టుమని నెల కాలేదు, పైగా తడిసి ముద్దయి వణుకుతున్న పిల్ల.

అప్పటినుంచి ఇంట్లో ఆ ఊసు ఎత్తేవాళ్ళు లేరు. కోడలు వేరేచోట సాధన చేసుకుని వచ్చేది. సిస్టరమ్మ మాత్రం అన్నం వడ్డించేటప్పుడు, ఆ పిల్ల తల దువ్వుకునేటప్పుడు ఓరకంట చేతుల మీద మచ్చలు వెతికేది. ఒకనాడు మోచేతి కింద చిన్న మచ్చ కనబడేసరికి పట్టుబడ్డ దొంగను చూసినట్టు చూసి, "ఇదేంటి?" అంది.

"ఇస్త్రీపెట్టె, అత్తయ్యా."

"నిప్పుది ఒక్కటీ లేదా?"

"ఉంటే ఈ పాటికి మీకు దొరికేది కదా" అంది కోడలు నవ్వి.

సిస్టరమ్మకు అది జవాబులా అనిపించలేదు గానీ, ఆ మాట మనసులో దిగబడిపోయింది. ఇన్నేళ్ళ నుంచి నిప్పు పట్టుకుంటున్న పిల్లకు ఒక్క మచ్చ లేకపోవడం అదృష్టమా, ఇంకేమైనా ఉందా?

నిప్పు నాట్యం చేసే తన బృందంలో కోడలిని మిణుగురు అని పిలుస్తారు. చిన్న మనిషి, కుదురుగా ఉండదు, చీకట్లోనే బాగా కనిపిస్తుంది అని వాళ్ళ హాస్యం. ఆ మిణుగురుకు ఆ ఏడాది ఒక పెద్ద పిలుపు వచ్చింది. వేరే ఊళ్ళో మూతపడ్డ నూలు మిల్లు ఒకటుంది. దాని ఆవరణను నాటకాలకూ నాట్యాలకూ వేదికగా మార్చారు. అక్కడ ప్రదర్శన ఇవ్వాలని ఈ విద్య నేర్చుకున్న ప్రతివాళ్ళూ కలగంటారు. పిలుపు వచ్చిన వారంలోనే ఆమె పాత విసనకర్రల అతుకు ఒకటి చిట్లింది. చేతి విసనకర్ర ఆకారంలో ఇనుప చట్రం, అంచున అయిదు వేళ్ళు విచ్చినట్టు అయిదు వత్తులు. చెరో చేతిలో ఒకటి. కొత్తవి చేయించుకోక తప్పదు. భర్తేమో నాటక బృందంతో ఊళ్ళు తిరుగుతున్నాడు.

"బజారుకు నేనూ వస్తా. సంచీ పట్టుకోవడానికి" అంది సిస్టరమ్మ.

సంచీ సాకేనని ఇద్దరికీ తెలుసు. కోడలు తెలియనట్టే చెప్పులు తొడుక్కుంది.

ముందు వెళ్ళింది సర్కస్‌వాళ్ళకూ గారడీవాళ్ళకూ సామాన్లు అమ్మే కొట్టుకు. కొట్టాయన రంగురంగుల బంతులు పక్కకు జరిపి, తళతళలాడే అల్యూమినియం విసనకర్రల జత బయటపెట్టాడు. పట్టుకుంటే దూదిపింజలా తేలిగ్గా ఉన్నాయి. సిస్టరమ్మకు నచ్చాయి. చెయ్యి నొప్పి పుట్టదు కదా అనుకుంది.

కోడలు వాటిని చేతిలో తిప్పి, కళ్ళు మూసుకుని మళ్ళీ తిప్పి, పక్కన పెట్టేసింది. "ఇది వేడిని మోసుకొచ్చి చేతిలో పెడుతుందండీ. ఆట సగంలో ఉండగా పిడి కాలితే వదిలేయలేను, పట్టుకోలేను. వత్తులు చూపించండి."

వత్తుల్లో ముందు నూలు తాడు తీశాడాయన. నూనె బాగా తాగుతుంది, వెల తక్కువ, అన్నాడు. "నిజమే, ఇంట్లో సాధనకైతే సరే. కాలేకొద్దీ కాలిపోతూ నిప్పురవ్వలు రాల్చుతుంది. ముందు వరసలో జనం కూర్చుంటారు" అంది కోడలు. తర్వాత పసుపుపచ్చ కెవ్లార్ నాడాతో కుట్టిన వత్తులు తెచ్చాడు. నిప్పుకు కాలని దారంతో నేసిన నాడా అది. కోడలు వత్తిని గోటితో నొక్కి, వాసన చూసి, కుట్టు దగ్గర ఆగింది.

"ఈ దారం కొంచెం తెంపుకోవచ్చా?"

"తెంపుకోండి, నేనూ చూస్తా" అన్నాడు కొట్టాయన.

గుమ్మం బయటికి వెళ్ళి ఆ దారపు ముక్కకు అగ్గిపుల్ల చూపించింది. ముక్క చటుక్కున ముడుచుకుని, కొసన నల్లటి బొట్టులా కరిగి, రాతి మెట్టు మీద పడి అంటుకుపోయింది.

సిస్టరమ్మ కళ్ళు ఆ బొట్టు మీద నిలిచిపోయాయి. అలాంటి బొట్లు ఆమెకు తెలుసు. నైలాను చీరల నుంచి, పాలిస్టరు చొక్కాల నుంచి కరిగి చర్మానికి అతుక్కున్న వాటిని గంటల తరబడి ఓపికగా తీసిన చేతులు ఆమెవి. వాటిని ఆసుపత్రి బయట, ఎవరి ఒంటిమీదా పడకముందే వెతికి పట్టుకునే మనిషిని చూడటం ఇదే మొదలు.

"నైలాను" అంది మెట్టు మీదికి వంగి.

"అవునత్తయ్యా. నాడా మంచిదే, కుట్టిన దారమే మంచిది కాదు. మంట మధ్యలో కుట్టు కరిగితే వత్తి ఊడి ఎవరిమీదో పడుతుంది."

కొట్టాయన బుగ్గ గోక్కుంటూ మెట్టు మీద బొట్టును చూసి, ఆ వత్తులన్నీ అరమీంచి దించేసి లోపల పెట్టాడు. నాడా చుట్ట, కెవ్లార్ దారం ఉండ తెచ్చిచ్చాడు. ఇంటిదారిలో సిస్టరమ్మ సంచీ భుజం మార్చుకోకుండా మోసింది. నాలుక చివరిదాకా వచ్చిన మాట ఒకటి వీధి మలుపు తిరిగాక గానీ బయటికి రాలేదు.

"నీకు భయమేనన్నమాట" అంది.

"చచ్చేంత భయం" అంది కోడలు.

ఆ జవాబుతో సిస్టరమ్మకు ఎక్కడలేని ఊపిరీ తిరిగొచ్చినట్టయింది.

చట్రాలు వెల్డింగు షాపులో తయారయ్యాయి. సన్నటి ఉక్కు చువ్వను వెల్డరు వంచుతుంటే కోడలు పక్కనే నిలబడి, వత్తి నుంచి పిడికి ఎంత ఎడముండాలో తన మూరతో కొలిచి చూపించింది. పని అయ్యాక సంచీలోంచి చిన్న దూదిముద్ద తీసి, చట్రమంతా మెల్లగా రాస్తూ పోయింది. ఒకచోట దూది పోగు చిక్కుకుంది. "ఇక్కడ అంచు లేచింది. ఆకురాయి పట్టండి" అంది. వెల్డరు పట్టాడు. మళ్ళీ దూది తిప్పింది. ఇంకోచోట చిక్కింది.

"మా ఆవిడ కూడా నా పనికి ఇన్ని వంకలు పెట్టదు, మేడమ్" అన్నాడు వెల్డరు.

"మీ ఆవిడ దీన్ని మెడచుట్టూ తిప్పుకోదు కదండీ."

అతను నవ్వి, ఈసారి తనే దూది అడిగి తీసుకుని, రెండో చట్రాన్ని మొదటి నుంచి చివరిదాకా తడిమాడు.

వత్తులు చుట్టడం ఇంట్లో, వంటగది బల్ల మీద మొదలైంది. నాడాను మడతపెట్టి, గట్టిగా బిగిస్తూ చుట్టి, వదులు కాకుండా కుట్టాలి. వదులుగా ఉంటే నూనె ఎక్కువ తాగి చిందుతుంది. మరీ బిగిస్తే లోపలికి తాగదు. కోడలు మొదటి వత్తి రెండుసార్లు విప్పి మళ్ళీ చుట్టింది. స్టవ్వు దగ్గర నిలబడి చూస్తున్న సిస్టరమ్మ చివరికి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఇలా తే."

నాడా కొసను బొటనవేలి కింద అదిమి, రెండో చేత్తో లాగుతూ, మణికట్టు మాత్రమే కదిలేలా చుట్టుకుంటూ పోయింది. జీవితమంతా కట్లు చుట్టిన చెయ్యి. ఒక్క మడత ఎగుడుదిగుడు లేదు. కోడలు దాన్ని నొక్కి చూసింది, తిప్పి చూసింది. మిగిలిన నాడా అంతా అత్తగారి ముందుకు తోసి, తను సూది దారం అందుకుంది. ఆ మధ్యాహ్నం వాళ్ళు వార్డు కబుర్లు, వేదిక కబుర్లు కలబోసుకుంటూ పది వత్తులూ పూర్తిచేశారు. స్టవ్వు మీద టీ రెండుసార్లు మరిగి ఇంకిపోయింది.

నూనె సంగతి డాబా మీద తేల్చుకున్నారు. పాత మూకుళ్ళలో చెంచాడేసి పోసి, దూరంగా ఒక్కోటీ పెట్టి, కోడలు పొడుగాటి పుల్లతో చూపించింది. వాసన తీసేసిన పారఫిన్ నూనెలో పుల్ల ముంచితే మంట బుస్సుమని ఆరిపోయింది. దానంతటది అంటుకోదు, వత్తి తాగితేనే వెలుగుతుంది. కిరోసిన్‌దీ ఇంచుమించు అదే తీరు గానీ పొగ, కంపు. పర్యాటకుల చిన్న స్టవ్వుల్లో పోసే పలుచటి ఇంధనం దగ్గరికి పుల్ల రాకముందే గాల్లో నీలంగా ఎగిరి పట్టుకుంది. "వెలుగు దీనిదే అందం. కొంతమంది వాడతారు. నేను వాడను. దీని ఆవిరి మన కంటికి కనబడకుండా నేలమీద పాకుతుంది" అంది.

"పెట్రోలో?"

"ఆ పేరెత్తేవాళ్ళతో నేను వేదికెక్కను అత్తయ్యా."

ప్రయాణానికి ముందు, మంట ఆర్పడానికి పక్కన నిలబడే బృందం కుర్రాడికి చీలమండ బెణికింది. ఆ పని ఎవరికిపడితే వాళ్ళకు అప్పగించేది కాదు. కోడలు ఫోన్లు చేస్తుంటే సిస్టరమ్మ నూలు చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. "నా అంత అనుభవం ఎవరికుంది? బకెట్టు మాత్రం తీసుకురానులే" అంది.

రైల్లో నూనె తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, ఏది కొనాలో నిర్వాహకుడికి ముందే చెప్పి పెట్టారు. మిల్లు ఆవరణ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎత్తైన ఇటుక గోడలు, మధ్యలో రాతి నేల, చుట్టూ గుండ్రటి బల్లలు, ఒక్కో బల్ల మీదా గాజు బుడ్డి దీపం. జనం అప్పటికే వచ్చి కూర్చుంటున్నారు. నిర్వాహకుడు చెమటలు తుడుచుకుంటూ ఎదురొచ్చి, మర్యాదగా నూనె డబ్బా ఉన్న గదికి తీసుకెళ్ళాడు.

కోడలు మూత తీసి, వెంటనే పెట్టేసింది. డబ్బాను పెరటివైపు మోసుకెళ్ళి, చెంచాడు ఒంచి పుల్ల చూపించింది. మంట పుల్ల మీదికి దూకింది.

"ఇది నేను చెప్పింది కాదండీ."

"కొట్లో అది అయిపోయిందంట మేడమ్. ఇది ఇంకా మంచిదన్నాడు, బాగా మండుతుందన్నాడు" అన్నాడాయన. అబద్ధం చెప్పే మనిషి కాదు. పాపం, నిజంగానే మేలు చేశాననుకున్నాడు. "ఇంకో కొట్టు వెతికే టైము లేదు. అందరూ మీకోసమే వచ్చారు. ఇదీ మండేదే కదా, ఈ ఒక్కసారికి సర్దుకోండి."

"మండేది కాబట్టే సర్దుకోలేను సార్. ఇందులో ముంచిన వత్తిని నేను వెలిగించను. జనానికి నేనే చెప్తాను, మీ తప్పు కాదని కూడా చెప్తాను."

గొంతు పెంచలేదు. కోపం తెచ్చుకోలేదు. నిర్వాహకుడు గోడకు ఆనుకుని తల పట్టుకున్నాడు. కోడలు గది వెనక్కి వెళ్ళి నిలబడింది. సిస్టరమ్మ వెంట వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఎప్పటినుంచి చూస్తున్నానో ఈ నేల కోసం" అంది ఆ పిల్ల, పెదవి బిగబట్టి.

సిస్టరమ్మకు వార్డు గుర్తొచ్చింది. వార్డులో మంచం పట్టినవాళ్ళు తమ కథ చెప్పుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట 'ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నా, సిస్టరమ్మా' అనేవాళ్ళు. ఆ మాట అననివాళ్ళు ఆమెకు తారసపడే అవకాశమే లేదు. వాళ్ళు ఆసుపత్రికి రారు కదా. నిండు సభ ఎదురుగా ఉండగా, కోరుకున్న నేల కాళ్ళకింద ఉండగా, ఆ మాట అననిది ఒకతె ఇప్పుడు తన చెయ్యి పట్టుకుని నిలబడింది. గర్వంతో సిస్టరమ్మ గుండె నిండిపోయి, కోడలి చేతులు రుద్దుతూ ఆవరణ వైపు చూసింది.

పొగ రావడం లేదని అప్పుడు గమనించింది. అన్ని బల్లల మీద అన్ని దీపాలు వెలుగుతున్నా పొగ లేదు, వాసన లేదు.

"అమ్మాయ్, ఆ బుడ్డీల్లో ఏం పోశారంటావు?"

కోడలు తలెత్తింది. ఇద్దరూ దగ్గర్లోని బల్ల దగ్గరికి నడిచారు. కూర్చున్న దంపతులను అడిగి దీపం ఆర్పి, చల్లారాక చెంచాడు నూనె ఒంపి పెరట్లో పుల్ల ముంచారు. బుస్సుమని ఆరిపోయింది. ఇంకోసారి ముంచారు. మళ్ళీ ఆరింది.

నిర్వాహకుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. దీపాలన్నిటికీ ఒకే డబ్బాలోంచి పోశామనీ, ఆ డబ్బాలో చుక్క మిగల్లేదనీ చెప్పాడు. అతనే మైకు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు: తప్పు నూనె వచ్చింది, ఆమె ఒప్పుకోలేదు, మీ బల్లల మీద నూనె కావాలి. కాసేపు గుసగుసలు. తర్వాత ఎవరో తమ దీపం ఊది ఆర్పారు. పక్క బల్లవాళ్ళు ఆర్పారు. కొద్దిసేపట్లో ఆవరణ అంతా మసకబారింది.

"వేడి తగ్గేదాకా ఎవరూ బుడ్డి ముట్టుకోకండి" అని సిస్టరమ్మ బల్లల మధ్య తిరుగుతూ వార్డు గొంతుతో ఆజ్ఞాపించింది. పెద్దపెద్దవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చల్లారాక ఒక్కొక్కరూ వరసగా వచ్చి ఇనుప డబ్బాలో ఒంపి వెళ్ళారు. దీపాల్లో పోసిందే తక్కువ, అందులోనూ సగం ఖర్చయింది కాబట్టి వచ్చింది కొంచెమే. పది వత్తులకు చాలదు. కోడలు ఒక్కో విసనకర్రకూ నడిమి వత్తి మాత్రం ముంచి, మూత బిగించి, చిందే నూనెను విదిలించి, గుడ్డతో తుడిచింది. తుడిచిన గుడ్డ దూరంగా పెట్టించింది. జుట్టు తడిపి ముడేసుకుంది. గాలి ఎటునుంచి వస్తోందో వేలు తడిపి చూసుకుంది.

సిస్టరమ్మ తడి దుప్పటి రెండు చేతుల మీదా పరుచుకుని, రాతి నేల అంచున నిలబడింది.

మామూలుగా అయితే మిణుగురు ఆట వేగంగా ఉంటుందట, పది మంటలూ కలిసి ఒకటే చక్రంలా. ఆ సాయంత్రం రెండే చిన్న వెలుగులు. వాటిని వేగంగా తిప్పితే ఏమీ ఉండదని ఆమెకు తెలిసినట్టుంది. చాలా నెమ్మదిగా మొదలుపెట్టింది. ఒక వెలుగు భుజం మీదుగా జారి మోచెయ్యి దగ్గర ఆగింది. రెండోది నేల దగ్గర పుట్టి, దాన్ని వెతుక్కుంటూ వచ్చినట్టు లేచింది. మంట ముఖం పక్కనుంచి వెళ్ళినప్పుడు ఆమె కళ్ళు మంట మీద కాదు, వత్తి మీద ఉన్నాయి. చువ్వ పిడికిట్లో ఒదిగి తిరుగుతుంటే, చేతివేళ్ళు దాన్ని పట్టుకున్నట్టు లేదు, నడవనిస్తున్నట్టుంది. ఆవరణలో కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు.

సిస్టరమ్మ దుప్పటి బరువు మరిచిపోయింది. కానీ చూపు మాత్రం తిప్పలేదు, ఒక్క క్షణం కూడా.

వత్తి పూర్తిగా ఎండిపోయి తనే కాలడం మొదలుపెట్టకముందే ఆర్పాలి. మంట నారింజరంగుకు తిరిగి కుంచించుకుపోతుండగా కోడలు అత్తగారి వైపు నడిచి, రెండు విసనకర్రలూ చాపింది. సిస్టరమ్మ దుప్పటి కప్పి, అదిమి, లెక్కపెట్టినట్టు ఆగి, తీసింది. చీకటి. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి.

మిల్లువాళ్ళు వచ్చే ఏడాదికీ పిలిచారు. నూనె ఈసారి మీరు చెప్పిన కొట్లో, మీరు చెప్పినదే, మీరొచ్చి చూశాకే అని నిర్వాహకుడు తనంతట తానే అన్నాడు. సిస్టరమ్మ మాత్రం వచ్చే ఏడాదిదాకా ఆగలేదు. బృందం సాధనకు వెళ్ళడం మొదలుపెట్టి, పాలిస్టరు చొక్కాతో వచ్చిన ప్రతివాడినీ గుమ్మంలోనే వెనక్కి పంపుతోంది. ఆమె రాకముందే బట్టలు తడుముకోవడం వాళ్ళకు అలవాటైంది. కొడుకు ఊళ్ళు తిరిగి ఇంటికొచ్చి, తల్లీ భార్యా డాబా మీద కొత్త వత్తుల గురించి వాదించుకోవడం చూసి, ఎవరివైపు మాట్లాడాలో తెలియక మెట్ల మీదే ఆగిపోయాడు.

ఒకరోజు పొద్దుగూకే వేళ, అందరూ వెళ్ళాక, సిస్టరమ్మ అడిగింది. "ఒకసారి పట్టుకోనా?"

కోడలు ఆశ్చర్యపోలేదు. చీర కొంగు దోపించింది, జుట్టు ముడి తడిపించింది, ముంగురులు కూడా. పక్కన తడి దుప్పటి తనే పట్టుకుంది. ఒక్క వత్తి ముంచి, విదిలించి, వెలిగించి అందించింది.

సిస్టరమ్మ విసనకర్ర ఎత్తి పట్టుకుంది. మంట చిన్నగా మెత్తటి శబ్దం చేస్తోంది, గుడ్డ గాలికి రెపరెపలాడినట్టు. ముఖానికి వెచ్చగా తగులుతోంది. చెయ్యి మెల్లగా పక్కకు జరిపితే వెలుగు వెంట వచ్చింది.

"పిడి వేడెక్కిందా అత్తయ్యా?"

"లేదు. ఇంకొంచెంసేపు ఉండనీ."